అత్త కొరికి చూసిన కొర్రలు

అనంతపురంలో కొర్రల కోసం వీధులు పట్టి తిరగాల్సొస్తుందని ముప్పై ఏళ్ల కిందట ఎవరైనా అనుంటే మా అత్త నవ్వేసి ఊరుకునేది. ఆమె పుట్టిల్లు బెళుగుప్ప దిక్కు, మెట్టినిల్లు రాప్తాడు దిక్కు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేలలే రెండూ. ఆ కాస్త తడికి ఏది పండితే అదే ఇంట్లో తిండి. కొర్రలు, సామలు, అరికెలు, సద్దలు, జొన్నలు. సాళ్ల నడుమ కందులు, అలసందలు, అనుములు. వరన్నం పండగకో, చుట్టాలొచ్చినప్పుడో.

నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని. మా ఇంట్లో రెండు పూటలా బియ్యమే. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్త కొర్రన్నంలో పప్పు కలిపి, ఇంత నెయ్యి పోసి పెడితే, ఇదేంటి ఇంత పచ్చగా ఉందని కంచంలో అటూ ఇటూ కెలుకుతూ కూర్చున్నాను. "తిను పాపా, కరవదులే" అంది. రెండో ముద్ద నేనే అడిగి పెట్టించుకున్నాను. అప్పటికే ఆ కొర్రలు వాళ్ల చేన్లో పండినవి కావు. పక్కూరి చుట్టాలెవరో పంపినవి. వీళ్ల చేనంతా చెనిక్కాయే, అదే వేరుశనగ.

ఎందుకట్లయిందో అత్తకు బాగా తెలుసు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినాక రోజూ వరన్నం తినడం అందరి చేతికీ అందింది. కొర్రలు రోట్లో పోసి దంచి, చెరిగి, మళ్లీ దంచి వండే ఓపిక ఇంక ఎవరికుంటుంది? అరికెల సంగతి చెప్పనే అక్కర్లేదు, పొట్టు మీద పొట్టు, ఎంత దంచినా తరగదు. ఇంకో పక్క చెనిక్కాయకు చేతికి రొక్కమొచ్చేది. టీఎంవీ-2 అనే పాత రకం విత్తనం పోయి 2005లో కదిరి-6 అనే కొత్త రకం వచ్చింది. ఉమ్మడి జిల్లాలో చెనిక్కాయ సాగు ఒక దశలో ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా పోయిందంటే చూడండి, ఇంక వేరే పంటకు చోటెక్కడ? వాన పడితే డబ్బు, పడకుంటే అప్పు. మా మామ సేద్యం అట్లే నడిచింది. ఆయన పోయినాక చేను కౌలుకిచ్చి అత్తను టౌనుకు తెచ్చుకున్నాం.

టౌనుకొచ్చిన కొన్నేళ్లకు ఆమెకు షుగరు బయటపడింది. డాక్టరు మందులు రాసి, అన్నం తగ్గించి కొర్రలూ రాగులూ తినమన్నాడు. బయటికొచ్చినాక అత్త మొహం చూడల్ల. "చిన్నప్పుడు గతిలేక తిన్నాం. ఇప్పుడు రోగమొచ్చి తినల్లనా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ కొర్రలైతే తేవాలి కదా. మా వెతుకులాట అట్ల మొదలైంది.

అప్పుడు రామ్‌నగర్‌లో అద్దెకుండేవాళ్లం. స్కూటీ మీద అత్తను వెనక కూర్చోబెట్టుకుని ఆదివారం పొద్దున్నే పాతూరు పోయేదాన్ని. టవర్ క్లాక్ దాటి, గాంధీ బజారు సందుల్లో పాత ధాన్యం అంగళ్లన్నీ తిరిగేవాళ్లం. రాగులు ఎక్కడైనా దొరికేవి. కొర్రలడిగితే మాత్రం అంగడాయన, పిచ్చుకలకా, ఇంట్లోకా అనేవాడు. పంజరం పిట్టలకు వేసే పొట్టుతో ఉన్న కొర్రలు గోతాంలో ఉండేవి. మనుషులు తినే కొర్రబియ్యం లేదు. ఈ మాట ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పి చెప్పి అత్త నవ్వింది. "పిచ్చుకలకు ఉండాదంట, మనకు లేదంట!"

తర్వాత తర్వాత ఆరోగ్యం అంగళ్లు మొదలయ్యాయి. అద్దాల తలుపు, ఏసీ, అరల నిండా ఆకుపచ్చ అక్షరాల ప్యాకెట్లు. అట్లాంటి ఒక దాంట్లో తెచ్చిన కొర్రబియ్యం ప్యాకెట్టు అత్త చేతికిచ్చాను. కత్తెరతో కోసి, గుప్పెడు అరచేతిలో పోసుకుని, బంగారం అంగట్లో గీటురాయి పట్టుకున్నంత శ్రద్ధగా చూసింది. వేళ్లతో నలిపి వేళ్లు చూసుకుంది. నాలుగు గింజలు పంటి కింద వేసుకుని కొరికింది. "తవుడంతా తీసేసినారు. దీనికన్నా మన రేషన్ బియ్యమే మేలు" అని ప్యాకెట్టు నాకిచ్చేసింది.

ఆమె చెప్పేదాక నాకు తెలీదు, గింజ తెల్లగా నున్నగా మెరుస్తుంటే మిల్లులో పాలిష్ పట్టినట్టు. తవుడున్న కొర్రబియ్యం మాసినట్టు పసుపుపచ్చగా ఉంటుంది. నలిపితే వేళ్లకు సన్నటి పిండి అంటుతుంది, ఆ పిండిలో కాస్త జిడ్డుంటుంది. ఆ జిడ్డు వల్లే ఎక్కువ రోజులు నిలవ ఉండదు, కనరు వాసనొస్తుంది, పురుగు పడుతుంది. అంగళ్లకు నిలవ కావాలి కాబట్టి తీసేస్తారు. "పురుగు ముట్టని గింజ మనకెందుకు?" అనేది అత్త. పురుగు పట్టిన పిండి అలమరలో కనిపిస్తే నేను కెవ్వుమనేదాన్ని. ఆమె జల్లెడ తెచ్చి జల్లించి ఎండలో పోసేది. ఈ విషయంలో మాత్రం మా ఇద్దరికీ ఇప్పటికీ పడదు.

మంచి కొర్రలు చివరికి అంగట్లో దొరకలేదు, మా బడిలో దొరికాయి. నాతో పనిచేసే ఒక టీచరమ్మది చెన్నేకొత్తపల్లి దగ్గరి పల్లె. అందరం సీకేపల్లి అంటాం. అక్కడ 1990 నుంచి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తోంది. ఎందుకూ పనికిరాదన్న బీడు కొని, చెట్టూ చేమా మళ్లీ మొలిపించి, ఆ చుట్టుపక్కల పల్లెల్లో సంఘాలు పెట్టించారు. 2008లో ధరణి అని రైతుల సహకార సంఘం పెట్టి, మందుల్లేకుండా పండించిన చిరుధాన్యాలూ పప్పులూ చెనిక్కాయలూ రైతుల దగ్గర కొని, శుభ్రం చేసి అమ్మేవాళ్లు. మా టీచరమ్మ వాళ్ల చిన్నాయన అందులో సభ్యుడు. ఆమె ఊరికి పోయినప్పుడల్లా మాకో సంచీ తెచ్చేది.

ఆ మొదటి సంచీలోని కొర్రలు అత్త కొరికింది. ఏమీ అనలేదు. లేచిపోయి ఎసరు పెట్టింది. ఆమె దగ్గర అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు లేదు.

సర్టిఫికెట్టంటే గుర్తొచ్చింది. వీళ్లు మందులు కొట్టలేదని ఎవరు చెప్పాలని ఒకసారి టీచరమ్మను అడిగాను. బయట నుంచి ఎవరో వచ్చి ముద్ర వేసిపోవడం కాదంట, ఒక ఊరి రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు చూసి రాసుకుంటారంట. దాన్ని పీజీఎస్ అంటారు. ఒకడు తప్పు చేస్తే గుంపు మొత్తానికి చెడ్డపేరు. నాకు కొంచెం అనుమానంగానే ఉండింది, తెలిసినోడి తప్పు తెలిసినోడు బయటపెడతాడా అని. పక్కనే వక్కాకు వేసుకుంటున్న అత్త అందుకుంది: "యూరియా మూట బండి మీద పెట్టుకుని ఎవడు ఏ దోవన పోయినాడో ఊరంతటికీ తెలుసు పాపా. పల్లెలో దాచల్లంటే ఎట్ల కుదురుతాది?" ప్యాకెట్ల మీద ఇది సేంద్రియ సరుకని చెప్పే జైవిక్ భారత్ అనే ఆకుపచ్చ గుర్తు వచ్చింది ఆ తర్వాత. నేరుగా మనకు అమ్ముకునే చిన్న రైతుకు ఆ ముద్ర తప్పనిసరి కాదు. అందుకే ముద్ర లేని సంచీలో మంచి సరుకు ఉండొచ్చు. మనకు మనిషి తెలిసుండాలి, అంతే.

ఒక సీతాఫలాల కాలంలో టీచరమ్మ వాళ్లింటికే పోయాం. బెంగళూరు హైవేలో రాప్తాడు, మరూరు టోల్ ప్లాజా దాటాక గుట్టలు దగ్గరికొస్తాయి. అత్త కిటికీలోంచి చేలు చూస్తూ ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది: అది చెనిక్కాయ, అది కంది, అగో అది ఏం పంటో, ఆపు ఆపు. ఆపించింది. కొర్ర చేను. వంగిన కంకులు, నక్క తోకలు అనేవాళ్లు వాటిని. గట్టు మీద నిలబడి కంకి ఒకటి చేతిలోకి తీసుకుని, తెంపకుండా వదిలేసింది. పరాయి చేను కదా. ఆ పొద్దు ఆ ఇంట్లో సద్దరొట్టె, ఊరుబిండి పెట్టారు. దాని గురించి కాస్త నింపాదిగా చెప్పకపోతే నాకు తోచదు.

చెనిగిత్తనాలు పెనం మీద సన్న సెగన వేయించి, పొట్టు చేత్తో నలిపి ఊదేసింది వాళ్లమ్మ. పచ్చిమిరపకాయలు కొంచెం నూనెలో తోలు బుడగలొచ్చే దాకా మగ్గనిచ్చింది. ముందు రోట్లో మిరపకాయలు, కల్లుప్పు, రవ్వంత చింతపండు, తెల్లగడ్డలు. అవి నలిగినాక చెనిగిత్తనాలు. మెత్తగా కాదు, గింజ రెండు మూడు ముక్కలయ్యేంతే. ఆఖర్న ఎర్రగడ్డ ముక్కలు వేసి రెండు దెబ్బలు. రొట్టె తుంచి అద్దుకుంటే ముందు కారం, ఆ వెంటే విత్తనంలోంచి తీపి. మేం ఇంట్లో మిక్సీలో తిప్పేది చట్నీ అవుతుంది గానీ ఇది కాదు. మందుల్లేని చెనిక్కాయకు ఇంత రుచా, రోటికి ఇంత రుచా అని నేను తేల్చుకోలేకపోయాను. అత్తనడిగితే "ఆకలికి" అంది.

గానుగ నూనె కథ వేరే. మా చిన్నతనంలో గుంతకల్లులో ఎద్దు గానుగ ఒకటుండేది. ఎద్దు కళ్లకు గంతలు కట్టి తిప్పేవాళ్లు. మేం పోతే నూనె తీసినాక మిగిలే వెచ్చవెచ్చటి చెనిక్కాయ చెక్క ముక్క చేతిలో పెట్టేవాళ్లు, బెల్లంతో తినేవాళ్లం. అది పోయింది, ఆ తర్వాత రిఫైన్డు నూనె ప్యాకెట్లే. ఇప్పుడు మళ్లీ అనంతపురంలో చాలా సందుల్లో కట్టె గానుగలు. ఎద్దు బదులు మోటారు. మన చెనిక్కాయలు మనమే తీసుకుపోతే ఆడించి ఇస్తారు. లీటరు నూనెకు దగ్గర దగ్గర రెండున్నర కిలోల విత్తనాలు పడతాయి. ఈ లెక్క తెలిసిన రోజు నుంచి, అంగట్లో చౌకగా దొరికే 'గానుగ నూనె' సీసాల మీద నాకు నమ్మకం పోయింది. విత్తనాల ధర వేసుకుని చూడండి, మీకే తెలుస్తుంది.

ఆ నూనెతో మొదటిసారి నిప్పట్లు చేసిన రోజు పొయ్యంతా నురగ. బాండలి అంచు దాటి పొంగింది. నూనెలో ఏదో కలిపారని నేను గొణుగుతుంటే అత్త గింజ తీసేసిన చింతపండు ముక్క ఒకటి అందులో పడేసింది. నురగ అణిగింది. గానుగ నూనె అట్లే పొంగుతుందంట, రిఫైన్డు నూనె వచ్చి మనకు అది మరిపించింది. ఆ నిప్పట్లు బియ్యప్పిండికి బదులు సగం కొర్రపిండితో చేసినవి. నువ్వులు, పలుకుగా దంచిన చెనిగిత్తనాలు, పప్పులు, కారం, కరివేపాకు. కవరు మీద పల్చగా తట్టి వేస్తే బియ్యప్పిండి వాటికన్నా కాస్త ముదురు రంగొస్తాయి, కానీ కరకర తక్కువేం కాదు. మా అమ్మాయి హాస్టలు డబ్బా నిండా అవే పోయేవి.

ఇంకా తర్వాత, 2016లో రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం మొదలైనాక, కలెక్టరాఫీసు దగ్గర సోమవారాలు రైతులు చిన్న బల్లలేసుకుని అమ్మడం చూసేదాన్ని. టమాటాలు ఒక్కోటి ఒక్కో సైజు. వంకాయకు ఒక పక్క చిల్లు. చీనీకాయల తోలు మీద మచ్చలు. ఆకుకూరలు మాత్రం ఎంత లేతగా ఉండేవో. అర్జీలు పట్టుకుని వచ్చిన జనం నడుమ ఆ పుల్లకూర, చెంచలాకు కట్టలు ఏరుకోవడం నాకు సరదాగా ఉండేది. పదకొండు దాటి పోతే మిగిలేది సొరకాయలే.

ఒకసారి అత్త ఆ బల్ల దగ్గరున్న రైతును జీవామృతం ఎట్ల చేస్తారని కూర్చోబెట్టి అడిగింది. రెండొందల లీటర్ల డ్రమ్ములో నీళ్లు, పది కిలోల ఆవు పేడ, ఆవు పంచితం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మన్ను గుప్పెడు, రెండు కిలోల బెల్లం. బెల్లం దగ్గర అత్త ఆగింది. "రెండు కిలోలా?" అంది. "అవునవ్వా, మట్టిలో సూక్ష్మజీవులకు అదే తిండి" అన్నాడాయన. ఇంటికొచ్చే దోవంతా అదే మాట. "కంటికి కనపడని పురుగులకు రెండు కిలోలు పోస్తారు, నాకు మాత్రం చిన్న ముక్క పెట్టరు!"

బెల్లమే ఆమె బలహీనత. మేం తెచ్చుకునేది నల్ల బెల్లం. అంగట్లో పసుప్పచ్చగా, తెల్లగా మెరిసే అచ్చు బెల్లానికి ఆ రంగు రావాలని పాకం కాచేటప్పుడు హైడ్రోస్ అనే మందు కలుపుతారు. కలపంది ముదురుగా, మెత్తగా, వాన కాలంలో కారిపోతూ ఉంటుంది. ఉగాదికి ఈ బెల్లంతో ఓళిగలు చేస్తే పూర్ణం చాక్లెట్టు రంగులో వస్తుంది. మొదటిసారి చుట్టాలు మాడిపోయిందేమో అనుకున్నారు. తిన్నాక ఎవరూ మాట్లాడలేదు, రెండోది వేయించుకున్నారు. అత్తకు పండగ పూట ఒకటి, నెయ్యి పోసి. ఆ ఒక్కటి తినడానికి ఆమె పట్టే సేపు చూస్తే, మనం నాలుగు తిన్నా అంత అనుభవించం అనిపించేది.

అసలు నా మాట ఒకటే. ఈ తిండిని మందుగా అమ్మడం నాకు నచ్చదు. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అనగానే ఊరంతా మిల్లెట్ల బోర్డులే. మిల్లెట్ నూడుల్స్, మిల్లెట్ బిస్కెట్లు, షుగరు తగ్గిస్తాం, బరువు తగ్గిస్తాం. కొర్రన్నమైనా అన్నమే కదా, కుండెడు తింటే అదీ షుగరు పెంచేదే. ఆ సంగతి అత్త మీటరు చూసే తెలిసింది మాకు. రోగం పేరు చెప్పి పెట్టినన్నాళ్లూ ఆమె కొర్రన్నం సగం కంచంలో వదిలేసేది. ఊరుబిండి, నిప్పట్లు, కొర్ర పులిహోర, పేలపిండి అని రుచి కోసం చేయడం మొదలుపెట్టినాక ఎవరూ బతిమలాడే పని పడలేదు. తొలి ఏకాదశికి జొన్నపేలాలు విసిరి, కాస్తే బెల్లం కలిపి పేలపిండి చేస్తే ఇంట్లో అందరికన్నా ముందు డబ్బా మూత తీసేది ఆమే.

జిల్లా 2022లో రెండైనాక సీకేపల్లి సత్యసాయి జిల్లాలోకి పోయింది. టీచరమ్మ బదిలీ మీద అటే పోయింది. సంచీలు బస్సులో వస్తాయిప్పుడు, కండక్టరుకు చెప్పి పంపుతుంది. ఆకుకూరల రైతు నేరుగా ఫోన్లో మెసేజ్ పెట్టి, ఇంటి దగ్గరే ఇచ్చిపోతున్నాడు. ధర కొంచెం ఎక్కువే. బేరమాడితే అత్తే అడ్డొస్తుంది, మనం ఇయ్యకుంటే మళ్లీ చెనిక్కాయకే పోతాడని.

ఆమెకిప్పుడు ఎనభై దాటింది. బండెక్కలేదు. ఇన్నేళ్ల తిరుగుడులో ఆమె అడిగి నేను తేలేకపోయింది ఒకటే, ఊసబియ్యం. పాలు గట్టిపడే జొన్న కంకులు చేన్లోనే నిప్పుల మీద కాల్చి, గోనె మీద వేసి నలిపితే రాలే పచ్చటి గింజలు. పుష్యమాసం చలిలో వేడిగా తినాలి. ఉరవకొండ దిక్కు నల్లరేగడిలో ఒకప్పుడు ఎటు చూసినా జొన్నే. ఇప్పుడంతా పప్పుశనగ. పోయిన ఏడాది సోమవారం బల్ల దగ్గర ఒక కుర్రాణ్ణి అడిగాను. ఆర్గానిక్ జొన్నపిండి ఉంది, జొన్న రవ్వ ఉంది, అటుకులు ఉన్నాయి, ఊసబియ్యం మాత్రం తెచ్చే లోపల గట్టిపడిపోతాయి ఆంటీ అన్నాడు. వాళ్ల నాయన విడపనకల్లు దగ్గర రెండెకరాల్లో జొన్న వేశాడంట. కావాలంటే సంక్రాంతి ముందర చేనికే రమ్మన్నాడు. కారు మాట్లాడాను. అత్త ఇప్పటి నుంచే తెల్లగడ్డ కారం ఎంత దంచుకుపోవాలో లెక్కలేస్తోంది.